భోంచేసొస్తాం

ఏకాదశి

క్యాసెట్: బాగుంది. రెండు చోట్ల ముడత, అంచున కొద్దిగా బూజు. తుడిచాను.

బొమ్మ వేసే ముందూ వేసిన తరవాతా క్యాసెట్ ఎలా ఉందో ఈ పుస్తకంలో రాయాలని నియమం. నాకు ముందు పనిచేసినవాళ్ళందరూ "బాగుంది" అని రాసి సంతకం పెట్టారు. నేను ఇంకాస్త రాస్తాను. నాకు మాట్లాడటం కంటే రాయడం తేలిక. బడిలో తేదీలు నేర్పారు గానీ సముద్రం మధ్య కట్టిన ఈ దిమ్మె మీద వాటితో ఎవరికీ పని లేదు. తిథి చెబితే సముద్రం ఎంత పైకి వస్తుందో తెలుస్తుంది. అందుకని తిథే రాస్తున్నాను.

మా దిమ్మె చుట్టూ గట్టు. గట్టు వెనక కింది హాలు, హాల్లోంచి ఒకే ఒక మెట్ల దారి, ఆ పైన మేడ. ఇళ్ళూ వాన తొట్లూ పొయ్యిలూ అన్నీ మేడ మీదే. కింది హాలు సముద్రం కంటే పల్లం. చీకటిగా ఉంటుంది కాబట్టి బొమ్మ అక్కడే వేస్తారు. ఆ హాల్లో ఒక మూల గ్రంథాలయం. రెండు అలమర్ల పుస్తకాలు, ఒక్క క్యాసెట్. దానికి నేను బాధ్యురాలిని. జనం వచ్చేది క్యాసెట్ కోసమే. నా పేరు ఫిలోమిన. ఈ పనిలో చేరిన రోజు నుంచి ఫిలిమ్మ అంటున్నారు. అది ఒక పునీతురాలి పేరని బడిలో సిస్టర్ బెర్నదెత్ ఎంతో ఓపికగా చెప్పేది. ఆవిడ ఇప్పుడు వింటే బాధపడుతుంది.

పౌర్ణమికి బొమ్మ. పాత ఊళ్ళు మునిగింది ఈ పౌర్ణమికే. దిమ్మె కట్టిన పెద్దలు ఒక మంచి ఆలోచన చేశారు. మనుషులు ఉప్పెనను మరిచిపోతారు కాబట్టి, ఏడాదికోసారి అందరినీ కూర్చోబెట్టి "గట్టు తెగిన వేళ" అనే పాత సినిమా చూపించాలన్నారు. చూసి భయపడాలని వాళ్ళ ఉద్దేశం. ఇప్పుడు ఏడాదంతా ఎదురు చూసి, నవ్వుకోవడానికి వస్తారు.

నవ్వుకు కారణం రాయాలి. బొమ్మలో గట్టు కాపలావాడు లాంతరు పట్టుకుని వానలో పరిగెత్తుకుంటూ వస్తాడు. ఊరి మధ్యలో నిలబడి అరుస్తాడు. "గట్టు తెగింది. మేడెక్కండి." సరిగ్గా అక్కడ బొమ్మ తెగిపోతుంది. ఈ క్యాసెట్ ఒకప్పుడు ఎవరి ఇంట్లోదో. వాళ్ళింటి పెళ్ళి కొంత దీని మీద ఎక్కించేసుకున్నారు. వాన మాయమై ఎండ వస్తుంది. పందిరి, విస్తళ్ళు, సాంబారు బకెట్టు. నీలం చొక్కా వేసుకున్న ఒకాయన చేతిలో లడ్డూతో మన వైపు చూసి "భోంచేసొస్తాం" అంటాడు. ఆయన ఎవరో, ఎవరికి చెబుతున్నాడో ఎవరికీ తెలియదు. తరవాత వడ్డన, ఫొటోలు, ఏడుస్తున్న పాప. మళ్ళీ బొమ్మలోకి వచ్చేసరికి ఊరు నీళ్ళలో ఉంటుంది.

అంటే ఊరివాళ్ళు ఆ కేక విని ఏం చేశారన్నది మా దగ్గర లేదు. మాకు పనికొచ్చే ముక్క అదొక్కటే. దాని మీదే పెళ్ళి ఉంది.

కాపలావాడు అరవగానే హాలంతా ఒక్క గొంతుతో "భోంచేసొస్తాం" అంటుంది. ముందు మొదలుపెట్టేది మా జోజి తాత.

ద్వాదశి

గట్టు గీకే వంతు ఈ రోజు నాది. గట్టుకు బయటి వైపు గుల్లలు పట్టినా ఫరవాలేదు. లోపలి వైపు పట్టకూడదు. పట్టాయంటే ఉప్పునీళ్ళు లోపలికి వస్తున్నట్టు. హాలు తలుపుకు ఎదురుగా, మోకాలి ఎత్తున, వరసగా పట్టి ఉన్నాయి. గీకాను. కింద పగులు ఉంది. చెమ్మను వేలితో తాకి నాలుకకు రాసుకున్నాను. ఉప్పగా ఉంది.

దిమ్మె పెద్ద వజ్రమ్మ గారికి చెప్పాలి. ఆవిడ వాన తొట్టి దగ్గర నీళ్ళు పోయిస్తున్నారు. వరసలో నిలబడ్డాను. నేను నోరు తెరిచే లోపు నా వెనకవాళ్ళు ముందుకు వెళ్ళారు. వాళ్ళ వెనకవాళ్ళు కూడా వెళ్ళారు. తొట్టి దగ్గర ఎవరూ లేనప్పుడు ఆవిడే చూశారు.

"ఏందమ్మా ఫిలిమ్మా, బిందె తేలేదే?"

"గట్టుకి లోపలి వైపు గుల్లలున్నాయి పెద్దమ్మా. పగులుంది."

"ఎక్కడ?"

"హాలు తలుపుకెదురుగా."

"మేస్త్రి పడవ పాడ్యమికి వస్తది. చూపిద్దాం."

"దానికి ముందు పౌర్ణమి ఉంది కదండీ."

"పౌర్ణమి ప్రతి నెలా ఉంటది. గట్టు నిలబడే ఉంది."

"పోనీ, బొమ్మ మేడ మీద వేద్దామా?"

"పొద్దుటి ఆట కదా, ఎండలో బొమ్మ కనపడుద్దా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు." బిందెకు మూత పెట్టారు. "అయినా కాపలా ఉందిగా. తేడా వస్తే అదే అరుస్తది. అది అరిస్తే ఎక్కుతాం. అంతే కదా?"

కాపలా అంటే గట్టు లోపల పెట్టిన యంత్రం. గట్టు కదిలితే దానికి తెలుస్తుంది. హాల్లో, మెట్ల మీద, మేడ మీద ఉన్న స్పీకర్లలోంచి అరుస్తుంది. పెద్దలు దానికి గొంతు ఎక్కడి నుంచి తెచ్చారో రాయాలంటే నాకు చేయి రావడం లేదు. క్యాసెట్‌లోంచి తెచ్చారు. వినగానే గుండె జారాలని బొమ్మలోని కాపలావాడి గొంతే ఎక్కించారు.

"అనుమానంగా ఉంటే ఇప్పుడే చూద్దాం రా" అని వజ్రమ్మ గారు మీట నొక్కారు.

"గట్టు తెగింది. మేడెక్కండి."

"భోంచేసొస్తాం" అంది మేడ. వంటిళ్ళలోంచి, వలలు ఆరేసే దండాల వెనక నుంచి, స్నానాల గదిలోంచి. పళ్ళు తోముకుంటున్న ఒకావిడ నురగతోనే అంది. ఒక్కరు కూడా లేచి నిలబడలేదు. నేను వజ్రమ్మ గారి మొహమే చూస్తున్నాను. ఆవిడ పెదవులు కూడా కదిలాయి.

"చూశావా, బ్రహ్మాండంగా పనిచేస్తంది" అన్నారు.

త్రయోదశి

క్యాసెట్: బాగుంది. నేనే బాగాలేను.

పౌర్ణమికి ముందు ఒకసారి పరీక్షగా బొమ్మ వేసి చూడాలి. నేనొక్కదాన్నే చూడాలని నియమం. తలుపు తెరిచేసరికి సగం దిమ్మె బెంచీల మీద కూర్చుని ఉంది.

సరే, వచ్చారు కదా, దీన్నే వాడుకుందాం అనుకున్నాను. బొమ్మకు సగంలో "విశ్రాంతి" పడుతుంది. అప్పుడు అందరూ లేచి మేడ ఎక్కుతారు. పైన బుల్లెమ్మత్త నాచు బజ్జీలు వేస్తుంది. అరిస్తే కదలని మనుషులు విశ్రాంతికి ఎవరూ చెప్పకుండానే లేస్తారు. గట్టుకు ఏదైనా అయితే నేను క్యాసెట్‌ను విశ్రాంతి దాకా తిప్పితే చాలు. ఇంత తేలిక ఉపాయం ఎవరికీ తట్టకపోవడం ఆశ్చర్యంగా అనిపించింది. కొంచెం గర్వపడ్డాను కూడా.

విశ్రాంతి పడింది. జనం లేచారు. మెట్ల దగ్గర తోసుకుంటూ పైకి పోయారు. నేను దీపం వేసి చూశాను.

హాల్లో ఇంకా జనం ఉన్నారు. ప్రతి బెంచీకి ఒకరు. మిగతా సీట్ల మీద తువాళ్ళు, చున్నీలు, ఒక చోట చెప్పు, ఒక చోట పళ్ళెం. ఇంటికొకరు సీట్లు కాస్తున్నారు. నాకు ఈ సంగతి పుట్టినప్పటి నుంచి తెలుసు. మా ఇంట్లో తాత కాస్తాడు. తెలిసి కూడా తట్టలేదు.

తాత ముందు బెంచీ చివర కూర్చున్నాడు. పక్క సీటు మీద తువాలు పరిచి ఉంది.

"తాతా, పైకి వెళ్ళి బజ్జీ తిను."

"నువ్వు తెచ్చిపెట్టు. సీటు పోద్ది."

"ఎవరు తీసుకుంటారు? అందరికీ సీట్లున్నాయి."

"అట్టాగే అంటారు. తిరిగొచ్చేతలికి ఎవడో కూర్చుంటాడు. అప్పుడు లేపాలి. లెగవడు. నాకు గొడవలెందుకు?"

"నీ సీటు సరే. పక్కది ఎవరికి?"

తాత నా వైపు చూశాడు. అడగాల్సింది కాదు. "మీ అమ్మమ్మకి" అన్నాడు. అమ్మమ్మ పోయి చాలా కాలమైంది. ఆవిడ బతికి ఉండగా విశ్రాంతికి ఆవిడ పైకి వెళ్ళేది, తాత సీటు కాసేవాడు. ఆవిడ బజ్జీలు చెంగులో పట్టుకుని వచ్చేది. నేను వెళ్ళి బజ్జీ తెచ్చిపెట్టాను.

"తాతా, నిజంగా నీళ్ళొస్తే?"

"కాపలా అరుస్తదిగా."

"అరిస్తే నువ్వేమంటావు?"

తాత నవ్వాడు. బజ్జీ పొలమారింది. నీళ్ళు తాగించాల్సి వచ్చింది.

చతుర్దశి

తెల్లవారగానే వెళ్ళి చూశాను. మొన్న గీకిన చోట గట్టు తడిగా ఉంది. మొన్న చెమ్మ, ఇవాళ ధార. సన్నటి ధార, కానీ ధారే.

వజ్రమ్మ గారికి నోటితో చెబితే ఏమైందో చూశాను కాబట్టి చీటీ రాసి ఇచ్చాను. "కాపలా మాట మార్చండి. ఆ గొంతు వింటే మనకు నవ్వు వస్తుంది. నవ్వుతున్న మనిషి మెట్లెక్కడు." ఆవిడ చీటీ మడిచి రవికలో పెట్టుకున్నారు.

"పెద్దలు పెట్టిన గొంతమ్మా అది. తీసేస్తే ఊరు నన్ను బతకనిస్తదా? సరే, నీకంత దిగులుగా ఉంటే దాని పక్కన నీ గొంతు కూడా ఎక్కించు. ముందది, తరవాత నువ్వు."

"నేనా?"

"చీటీ రాసింది నువ్వేగా."

గొంతు ఎక్కించే పెట్టె మేడ మీద, నీటి తొట్టి పక్కన ఉంది. దానికి ఎదురుగా నిలబడి మీట నొక్కి చెప్పాలి. చెప్పాను.

"ఇంకొంచెం గట్టిగా చెప్పండి" అంది పెట్టె.

మళ్ళీ చెప్పాను.

"ఇంకొంచెం గట్టిగా చెప్పండి."

తొట్టి దగ్గరికి వచ్చినవాళ్ళు బిందెలు దించి నిలబడ్డారు. బడిలో ప్రార్థన చదివే వంతు వచ్చినప్పుడు కూడా ఇలాగే అయ్యేది. సిస్టర్ బెర్నదెత్ "దేవుడికి వినపడుతుందిలే, కూర్చో" అనేది. పెట్టెకు అంత దయ లేదు.

"ఇంకొంచెం గట్టిగా చెప్పండి."

"ఏమే, నీకు పెళ్ళయ్యాక మొగుణ్ణి ఎట్టా పిలుస్తావే" అంది బుల్లెమ్మత్త. "చీటీ రాసి పంపుద్దా?" అని ఇంకెవరో అన్నారు. నా చెవులు వేడెక్కాయి. పెట్టె నాలుగు మాటలు చెప్పమంటే నేను పెట్టెను సముద్రంలో పడేయడం గురించి ఆలోచిస్తున్నాను.

తాత వచ్చి నన్ను పక్కకు జరిపాడు. "నా మనవరాలిని ఏడిపిస్తన్నారా? జరుగు, నేను చెప్తా." గొంతు సవరించుకున్నాడు. తాత గొంతు పెద్దది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"గట్టు తెగింది. మేడెక్కండి" అన్నాడు తాత. ఊపిరి తీసుకున్నాడు. "భోంచేసొస్తాం."

"అందింది. ధన్యవాదాలు" అంది పెట్టె.

జనం బిందెలు పట్టుకుని నవ్వారు. తాత నిజంగానే బిత్తరపోయాడు. "అదే వచ్చేసిందమ్మా. నేననలేదు. నోరంది" అన్నాడు. దాన్ని చెరపడానికి సాయంత్రం దాకా పట్టింది. చెరిపాక ఏదీ మిగలలేదు, పాత గొంతు తప్ప.

పౌర్ణమి

క్యాసెట్ సంగతి చివర రాస్తాను. ఇది మేడ మీద కూర్చుని రాస్తున్నాను. పుస్తకం నా జాకెట్టులో ఉంది కాబట్టి తడవలేదు.

పొద్దుటి ఆట. పోటు వచ్చే వేళా అదే. మొదలుపెట్టే ముందు వజ్రమ్మ గారికి ఇంకోసారి చెప్పాను. "ధార లావైంది పెద్దమ్మా." ఆవిడ మంచి చీర కట్టుకున్నారు. "బొమ్మయ్యాక ఇద్దరం పోయి చూద్దాం" అన్నారు. తాత ముందు బెంచీ చివర రెండు తువాళ్ళు పరిచాడు, ఒకటి తనకు, ఒకటి అమ్మమ్మకు. దిమ్మె మొత్తం హాల్లోనే ఉంది. బుల్లెమ్మత్త కూడా, విశ్రాంతికి ముందు లేచి వెళ్ళి పొయ్యి వెలిగిస్తానని, మెట్ల పక్కన కూర్చుంది.

బొమ్మ మొదటి పాట దాటింది. హీరో తల్లి కొడుకు కోసం అన్నం మూతపెట్టి ఎదురు చూస్తోంది. అప్పుడు కాపలా అరిచింది.

"గట్టు తెగింది. మేడెక్కండి."

బొమ్మలోని కాపలావాడు కాదు. బొమ్మలో అతను ఇంకా రాలేదు. గోడ మీది స్పీకరు.

ఒక్క క్షణం అందరూ తలెత్తి చూశారు. ఆ క్షణంలో లేస్తారనుకున్నాను. తరవాత తాత మొదలుపెట్టాడు, హాలు అందుకుంది. "భోంచేసొస్తాం." ఎప్పుడూ లేనంత సంబరంగా అన్నారు. కాపలా కూడా బొమ్మలో చేరిందని ఈలలు వేశారు.

"గట్టు తెగింది. మేడెక్కండి."

"భోంచేసొస్తాం."

నేను తలుపు వైపు చూశాను. తలుపు కింద నుంచి నీళ్ళు వస్తున్నాయి. నెమ్మదిగా, మా పుస్తకాల అలమర వైపు.

"నీళ్ళు" అన్నాను. నా పక్కన ఉన్నామె "ఆఁ, వస్తాయి వస్తాయి, పెళ్ళయ్యాక" అంది, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. తాత దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకున్నాను. "తాతా, నిజంగా వచ్చాయి." తాత నా చేయి తట్టాడు. "కూర్చోమ్మా, వెనకవాళ్ళకి అడ్డం."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. వీళ్ళని రక్షించాలంటే ముందు వీళ్ళని తిట్టాలి, తిట్టడానికి నాకు గొంతు లేదు.

తిరిగి బొమ్మ వేసే యంత్రం దగ్గరికి వచ్చాను. ఆపేస్తే? ఆపేస్తే కరెంటు పోయిందనుకుంటారు. కరెంటు పోతే మా వాళ్ళు కదలరు, చీకట్లో కూర్చుని ఈలలు వేస్తారు. విశ్రాంతి దాకా తిప్పితే? బెంచీకి ఒకరు మిగులుతారు. మొదట మిగిలేది తాత.

ఎవరూ సీటు కాయనిది ఎప్పుడు?

ముందుకు తిప్పే మీట నొక్కాను. వదల్లేదు.

తెర మీద బొమ్మ పరిగెత్తింది. హీరో తల్లి ఒక్క గుక్కలో ఎదురు చూసేసింది. విశ్రాంతి వచ్చి పోయింది. కాపలావాడు చీమలా వచ్చి నోరు తెరిచి మూశాడు. పెళ్ళివాళ్ళు విస్తళ్ళ మీద పడి గబగబ తిన్నారు. నీలం చొక్కా ఆయన లడ్డూ మింగేశాడు. మొదట నవ్వారు. తరవాత నవ్వు ఆగింది.

"ఏయ్ ఫిలిమ్మా, ఏందే అది?"

"నీలం చొక్కా పోయాడే."

"వెనక్కి తిప్పు. వెనక్కి తిప్పమ్మా."

"ఏడాదికి ఒక్కసారి వేస్తారు, అది కూడా చూడనివ్వదు ఈ పిల్ల."

చెప్పు ఒకటి నా పక్కన పడింది. నేను తెర చూస్తూ నొక్కి పట్టాను. నీళ్ళు నా మడమల దగ్గరికి వచ్చాయి. ముందు వరసల వైపు నేల ఎత్తు. వాళ్ళకు ఇంకా అందలేదు.

చివరి సన్నివేశం వచ్చింది. మీట వదిలాను. వాన వెలిసింది. మిగిలినవాళ్ళు గట్టు మీద నిలబడి ఉన్నారు. సూర్యుడు వస్తున్నాడు. హీరో తల్లి చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆవిడ చెంగు కళ్ళకు తగలగానే మా వాళ్ళు లేస్తారు. ఎప్పుడూ అంతే. శుభం పడే దాకా ఎవరూ ఆగరు. ఆగితే మెట్ల దగ్గర తొక్కిసలాటలో ఇరుక్కుంటామని అందరికీ భయం. అందుకని అందరూ ఒకేసారి లేచి తొక్కిసలాట చేస్తారు.

లేచారు. నన్ను తిడుతూనే లేచారు. నోరు ఒక పని చేస్తోంది, కాళ్ళు ఒక పని చేస్తున్నాయి. తువాళ్ళు దులిపారు, భుజాన వేసుకున్నారు, చంటిపిల్లలను ఎత్తుకున్నారు. సీట్ల వైపు ఒక్కరు కూడా తిరిగి చూడలేదు. తాత తన తువాలు తీశాడు. అమ్మమ్మ తువాలు తీశాడు. అందరికంటే ముందు మెట్ల దగ్గర ఉన్నాడు. తిడుతున్నవాళ్ళలో అతని గొంతే పెద్దది.

శుభం పడింది. దాని తరవాత క్యాసెట్‌లో పెళ్ళి మిగతా ముక్క ఉంది. అది మొదలైతే కొందరు మళ్ళీ వచ్చి కూర్చుంటారు. బొమ్మను శుభం మీద నిలిపేశాను. నిలిపి ఉంచాలంటే క్యాసెట్ యంత్రంలోనే ఉండాలి.

చివరివాళ్ళు మెట్లెక్కే దాకా నేను యంత్రం దగ్గర నిలబడ్డాను. అప్పటికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. అప్పుడు తలుపు ఊడి వచ్చింది. క్యాసెట్ తీయడానికి చేయి చాచి, తీయకుండా మెట్ల వైపు పరిగెత్తాను. నా వెనక అలమర పడింది. మెట్ల మీద నుంచి తిరిగి చూస్తే నీళ్ళ మీద తెల్లగా శుభం అని ఉంది. కాసేపు అలాగే ఉండి ఆరిపోయింది.

మేడ మీద వజ్రమ్మ గారు నడుము మీద చేతులు పెట్టుకుని నా కోసం చూస్తున్నారు. వెనక దిమ్మె మొత్తం.

"ఏందమ్మా ఇది? నీకు బొమ్మ అప్పజెప్పింది ఇందుకేనా?"

పక్కకు జరిగి మెట్ల వైపు చూపించాను.

ఒకరి తరవాత ఒకరు వచ్చి వంగి చూశారు. మెట్లు సగం దాకా కనబడుతున్నాయి. కింద బెంచీలు తేలుతున్నాయి. పిల్లలను పేరుపేరునా పిలిచారు. అందరూ పలికారు. బుల్లెమ్మత్త పొయ్యి వెలిగించని బాణలి పక్కన కూలబడింది.

"బొమ్మ?" అన్నాడు తాత.

తల అడ్డంగా ఊపాను. తాత కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మళ్ళీ కోపం వచ్చింది. ప్రాణాలు మిగిలాయి, ఈయన క్యాసెట్ కోసం ఏడుస్తున్నాడు. నేను కూడా దాని కోసమే ఏడుస్తున్నానని కాసేపటికి తెలిసింది.

అప్పుడు మెట్ల స్పీకరు నీళ్ళలోంచే అరిచింది. గొంతు బుడగలు బుడగలుగా వచ్చింది.

"గట్టు తెగింది. మేడెక్కండి."

అలవాటు కొద్దీ అందరూ తాత వైపు చూశారు. తాత నోరు తెరిచాడు. మూశాడు. చేతిలో ఉన్న రెండో తువాలు మడిచాడు.

"ఎక్కాంలేవయ్యా" అన్నాడు నెమ్మదిగా. "ఎక్కాం."

చవితి

క్యాసెట్: లేదు.

మేస్త్రి పడవ వచ్చింది. గట్టు పూడ్చారు, హాలు తోడుతున్నారు. యంత్రం దొరికింది. క్యాసెట్ దాని నోట్లోనే ఉంది. రీలు బురదలో కలిసిపోయింది. పుస్తకాల్లో పైవరసవి ఆరేశాను. కొన్ని పుటలు అంటుకుపోయాయి. విడదీయడం రేపటి పని.

అందరూ నన్ను క్షమించినట్టు లేదు. వాన తొట్టి దగ్గర ఒకామె "నువ్వు చేసింది మంచి పనేలే, కాని నీలం చొక్కా ముక్కయినా చూపించి తిప్పాల్సింది" అంది. వచ్చే ఏడు ఏం చూడాలన్నది ఇప్పుడు పెద్ద గొడవ. క్యాసెట్ లేకపోయినా ప్రతి మాటా అందరికీ వచ్చు కాబట్టి తామే ఆడతామంటున్నారు. కాపలావాడి వేషానికి ఎవరూ ముందుకు రాలేదు. నీలం చొక్కా వేషానికి ఇద్దరు కొట్టుకున్నారు.

కాపలాకు కొత్త మాట పెట్టాలని వజ్రమ్మ గారు అందరినీ కూర్చోబెట్టారు.

"బజ్జీలు వేడిగా ఉన్నాయి అని పెట్టండి" అంది బుల్లెమ్మత్త.

"అప్పుడు ఇంటికొకడు సీటు కాస్తాడు" అన్నారు వజ్రమ్మ గారు. నా వైపు చూడకుండానే అన్నారు. నేను చతుర్దశి రోజు ఇచ్చిన చీటీ ఆవిడ చేతిలో ఉంది. "పెద్దయ్యా, నువ్వు చెప్పు. నిన్ను ఆ రోజు లేపింది ఏంది?"

తాత ఆలోచించాడు. "ఆట అయిపోయిందనుకున్నా" అన్నాడు.

అదే పెట్టాలని తీర్మానం అయింది. గొంతు ఎవరిదంటే అందరూ నా వైపు తిరిగారు. ఆట ముగించింది నేనే కాబట్టి నేనే చెప్పాలట. చీటీ రాసిస్తానన్నాను. ఒప్పుకోలేదు.

పెట్టె ముందు నిలబడ్డాను. ఎవరూ రాకూడదని షరతు పెట్టాను. అందరూ తమ ఇళ్ళలోకి వెళ్ళి కిటికీల్లోంచి చూశారు.

"ఆట అయిపోయింది. లేవండి" అన్నాను.

"ఇంకొంచెం గట్టిగా చెప్పండి."

మళ్ళీ చెప్పాను. అది మళ్ళీ అదే మాట అంది. మూడోసారి కూడా అంది. నాకు తలుపు కింది నుంచి వచ్చిన నీళ్ళు గుర్తొచ్చాయి. వెనకవాళ్ళకి అడ్డమట. పెళ్ళయ్యాక వస్తాయట. పక్కన పడిన చెప్పు గుర్తొచ్చింది.

"ఆట అయిపోయింది" అన్నాను. అది నా గొంతని నాకే అనిపించలేదు. "లేవండి."

"అందింది. ధన్యవాదాలు" అంది పెట్టె.

తరవాత కిటికీల వెనక బెంచీలు జరిగిన చప్పుడు. ఎవరో చంటిపిల్లను ఎత్తుకున్నారు. మా ఇంట్లోంచి తాత తువాలు దులిపిన చప్పుడు వినబడింది, రెండుసార్లు.